కుమ్మరావంలో ఇత్తడి ముంత

పనిశాలకు కొత్తగా ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే. "మీది ఎన్నో తరమండీ?" మట్టి ఎలా తయారుచేస్తారు, ఎంత వేడికి కాలుస్తారు, ఈ నీలం ఎలా వచ్చింది, ఇవన్నీ తర్వాత, అదీ అడిగితే. ఒక కుటుంబం నడిపే మట్టిపాత్రల పనిశాలలో నాలుగేళ్ళు పని నేర్చుకున్నాను నేను. ఆ నాలుగేళ్ళలో ఈ ప్రశ్న వినని వారం లేదు. పెద్దాయన ఒక్కొక్కరికి ఒక్కో అంకె చెప్పేవారు. ఒకరికి మూడు, ఇంకొకరికి అయిదు, మెడలో కెమెరా వేసుకొచ్చిన ఒకాయనకు ఏకంగా తొమ్మిది. "అదేంటి మాస్టారూ, మొన్న మూడన్నారుగా" అని అడిగితే సారె మీంచి తల ఎత్తకుండానే "మొన్నటాయనకు మూడు సరిపోయింది" అన్నారు.

అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ, తర్వాత ఈ పని చరిత్ర కాస్త చదివాక ఆయన ఆ ప్రశ్నకు ఇవ్వాల్సిన మర్యాదే ఇచ్చారనిపించింది. తరాల లెక్క మీద మనకున్న మోజు చాలావరకు సైన్‌బోర్డు మోజు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి తెగకుండా వచ్చిన దారం అని చెబితే వినడానికి బాగుంటుంది, పాత్ర రేటు కూడా కొంచెం పెరుగుతుంది. దగ్గరికెళ్ళి చూస్తే ఆ దారం నిండా ముడులే, ముడి ముడికీ ఒక బయటి మనిషి. ఇల్లరికం వచ్చిన అల్లుడో, దత్తుడో, మేనల్లుడో, కోడలో, లేకపోతే జీతానికి చేరి చివరిదాకా ఉండిపోయిన పనివాడో. కుమ్మరావంలో ఇత్తడి ముంత వెతికినట్టు అంటారే, మట్టిపని వంశాల్లో అచ్చమైన రక్తధారను వెతకడం సరిగ్గా అలాంటిదే.

తరాల గురించి మాట్లాడితే అందరూ ముందు చూపించేది జపాన్‌లో, క్యోటోలోని రాకు కుటుంబాన్ని. 16వ శతాబ్దం చివర్లో సెన్ నో రిక్యూ అనే తేనీటి గురువు కోసం చోజిరో అనే ఆయన నల్లటి, ఎర్రటి గిన్నెలు చేశాడు. సారె లేకుండా, చేత్తో ఒత్తి, చెక్కి. ఆ నల్ల గిన్నెల్ని చిన్న బట్టీలో ఎర్రగా కాల్చి, పూత కరిగి మెరుస్తున్నప్పుడే పట్టకారుతో బయటికి లాగుతారు. చోజిరో 1589లో పోయాడు. ఇప్పుడు నడుస్తున్నది పదహారో తరం, 2019లో తండ్రి నుంచి పేరు, బాధ్యత తీసుకున్నాడు. నాలుగు వందల ఏళ్ళ పైమాట. ఇంతవరకు విని చాలామంది చేతులు జోడించి ఆగిపోతారు.

కాస్త ఆగకుండా ముందుకెళ్దాం. ఆ కుటుంబంలోనే దాచిన 1688 నాటి కాగితాల ప్రకారం, రెండో తరంగా లెక్కపెట్టే జోకెయ్ అసలు చోజిరో కొడుకే కాదు, ఆ పనిశాలలో పక్కన కూర్చుని పనిచేసిన సోకెయ్ అనే ఆయన కొడుకు. అంటే మొదటి అడుగులోనే దారం మారింది. అయిదో తరం సోన్యూ పసితనంలో వేరే ఇంటి నుంచి దత్తత వచ్చాడు. ఆరో ఆయన ఇల్లరికపు అల్లుడు. పదకొండో ఆయన కూడా అంతే, సారా కాచే వాళ్ళింటి పిల్లాడు. ఈ విషయాలు ఎవరో కుట్రగా బయటపెట్టినవి కావు, ఆ ఇంటివాళ్ళే దాపరికం లేకుండా చెప్పుకుంటారు. వాళ్ళకు లేని రక్తపు పట్టింపు దూరం నుంచి చూసి మురిసిపోయే మనకెందుకో నాకు అర్థం కాదు.

ఇంకోటి, నన్ను చాలా రోజులు వెంటాడిన సంగతి. ఆ ఇంట్లో తండ్రి కొడుక్కి పూతల పాళ్ళు చెప్పడు. నల్లపూతలో ఏ రాయి ఎంత, ఎంతసేపు నూరాలి, ఏదీ రాసివ్వడు, నోటితోనూ చెప్పడు. ఎవరి పూత వాళ్ళే వెతుక్కోవాలి. పదిహేనో తరం ఆయన యూనివర్సిటీలో శిల్పం చదువుకుని, రోమ్ వెళ్ళి ఉండి, ఆ తర్వాతే ఇంటి పనిలో కూర్చున్నాడు. మరి తరం నుంచి తరానికి ఇచ్చేదేమిటి అంటే, మట్టి. ఒకరు సేకరించి దాచిపెట్టిన మట్టిని మనవడో మునిమనవడో వాడుకుంటాడు, తను మళ్ళీ తన మనవల కోసం మట్టి వెతికి పెడతాడు. తడిగా ఏళ్ళ తరబడి మాగిన మట్టి సాగినట్టు కొత్త మట్టి సాగదు, నీళ్ళు ప్రతి రేణువు మధ్యకీ చేరాలి, అందులో సూక్ష్మజీవులు తమ పని తాము చేసుకోవాలి, దానికి టైం పడుతుంది. నాకైతే వారసత్వం అనే మాటకు ఇంతకంటే మర్యాదైన అర్థం దొరకలేదు. ఇదిగో మట్టి, ఏం చేస్తావో నీ ఇష్టం.

ఇదే విషయాన్ని ఇంకో రకంగా చూసినవాడు ఫ్లోరెన్స్‌లో లూకా డెల్లా రోబియా. కాల్చిన మట్టి బొమ్మల మీద తగరం కలిపిన తెల్లటి, నీలి పూతలు వేసి పేరు తెచ్చుకున్నాడు. పిల్లల్లేరు. పని నేర్చుకున్నది అన్న కొడుకు ఆండ్రియా. 1471 నాటి వీలునామాలో లూకా తన ఆస్తిని ఆండ్రియా తోడబుట్టిన సిమోనెకు రాశాడు. ఎందుకంటే, ఆండ్రియాకు నేను పని నేర్పాను, దాంతో వాడు బాగానే సంపాదించుకుంటున్నాడు, వాడి వాటా వాడికి ముట్టినట్టే అని. పనితనాన్ని పొలంలాగా, ఇల్లులాగా వాటాల్లో కట్టిన మనిషి! వినడానికి లెక్క సరిగ్గానే ఉంది గానీ, ఆ రోజు ఆండ్రియా మొహం ఎలా ఉండి ఉంటుందో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

పేరు నిలబడినంత మాత్రాన పని నిలబడినట్టు కాదు. జపాన్‌లోనే అరిటాలో కకియెమోన్ వంశం ఉంది, పింగాణీ మీద రంగుల బొమ్మలకు 17వ శతాబ్దం నుంచీ ప్రసిద్ధి, ఇంటి పెద్ద అయినవాడు తన పేరు మార్చుకుని అదే పేరు పెట్టుకుంటాడు. ఆ రంగులు అంత అందంగా కనపడటానికి కారణం కింద ఉండే తెలుపు. నీలిఛాయ లేని, బియ్యం కడిగిన నీళ్ళలాంటి తెలుపు, దాని పేరు కూడా ఆ నీళ్ళ మీదనే వచ్చింది. 18వ శతాబ్దంలో ఆ తెలుపు చేయడం ఆగిపోయింది. తర్వాత ఎన్నో తరాలు అదే పేరు పెట్టుకుని, అదే ఇంట్లో కూర్చుని, ఆ తెలుపు లేకుండానే పనిచేశాయి. 1953లో పన్నెండో తరం, పదమూడో తరం, అంటే తండ్రీ కొడుకులు కలిసి, పాత కాగితాలు ముందేసుకుని, బట్టీలకు బట్టీలు పాడుచేసుకుని దాన్ని మళ్ళీ రప్పించారు. ఆ ఇద్దరి మీద నాకు గౌరవం. కానీ అది పుట్టుకతో వచ్చింది మాత్రం కాదు, బయటివాడు ఎంత కష్టపడాలో వాళ్ళూ అంతే కష్టపడ్డారు.

ఇంకా చేదు నిజం, మొదటి తరం ఎలా మొదలైందని ఎవరూ అడగరు. 1592 నుంచి 1598 దాకా జపాన్ పాలకుడు హిదెయోషి కొరియా మీద చేసిన దండయాత్రల్లో అక్కడి మట్టిపనివాళ్ళను పట్టుకొచ్చారు. జపాన్ దక్షిణాన సత్సుమాలో ఇప్పటికీ పనిచేస్తున్న చిన్ జుకన్ కుటుంబం అలా వచ్చినవాళ్ళ సంతతే, ఇప్పుడు పదిహేనో తరం, ఆ కొరియా ఇంటిపేరు ఈనాటికీ వదల్లేదు. మొదటి తరం అంటే అక్కడ బందీగా ఓడ దిగిన మనిషి. మీది ఎన్నో తరమండీ అని నవ్వుతూ అడిగే ముందు ఒక్క క్షణం ఇది గుర్తొస్తే బాగుండు.

సరే, ఇంగ్లండ్ సంగతి. జోసయా వెడ్జ్‌వుడ్ 1730లో మట్టిపనివాళ్ళ ఇంట్లో ఆఖరి సంతానంగా పుట్టాడు. చిన్నప్పుడు మశూచి సోకి కుడి మోకాలు దెబ్బతింది, కాలితో తొక్కే సారె మీద కూర్చోవడం కుదరలేదు. మట్టిపని ఇంట్లో పుట్టి సారె తొక్కలేని పిల్లాడు! ఆ కాలు చివరికి 1768లో తీసేశారు. పెద్దన్న దగ్గర పని నేర్చుకోవడం పూర్తయ్యాక, నన్ను భాగస్వామిగా చేర్చుకో అంటే అన్న ఒప్పుకోలేదు. ఇంట్లో చోటు లేక బయటికెళ్ళాడు, థామస్ వీల్డన్ అనే మరో పనిమంతుడితో కలిసి పనిచేశాడు, 1759లో సొంతంగా మొదలుపెట్టాడు. సారె ఎక్కలేనివాడు కాబట్టి చేతికి దొరికిన ఇంకో పని పట్టుకున్నాడు. ప్రయోగాలు. జాస్పర్ అనే ఆ లేతనీలి మట్టి కోసం వేలకొద్దీ ముక్కలు కాల్చి, ఒక్కోదానికి నంబరు వేసి, తనకు మాత్రమే తెలిసే గుర్తులతో పుస్తకంలో రాసుకున్నాడు. బట్టీ లోపల వేడి కొలవడానికి, మట్టిముక్క ఎంత కుంచించుకుందో చూసే పరికరం చేశాడు, 1783లో రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘం ఆయన్ను సభ్యుడిగా తీసుకుంది. సరుకు అమ్మే తెలివి బెంట్లీ అనే స్నేహితుడిది.

ఇంత చేసి, 1795లో ఆయన పోయాక ఏమైంది? ముగ్గురు కొడుకులకూ బురద కంటే పల్లెటూరి పెద్దమనుషుల బతుకు మీద మనసు. రోజువారీ పని చూసింది బైర్లీ అనే మేనల్లుడు, 1810లో పోయేదాకా. తర్వాత కుటుంబం మళ్ళీ వచ్చింది, తరాలు నడిపింది, 1986లో వాటర్‌ఫర్డ్ అనే గాజు కంపెనీ చేతికి పోయింది, 2009 జనవరిలో ఆ ఉమ్మడి కంపెనీ దివాలా తీసింది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని ఊరికే అనలేదు. పేరు మాత్రం ఇంకా బతికే ఉంది, వేరే వాళ్ళ చేతుల్లో, వెడ్జ్‌వుడ్‌లు లేని వెడ్జ్‌వుడ్‌గా.

ఇక్కడ ఎవరైనా అడ్డొస్తారని తెలుసు. అయితే కుటుంబానికి విలువే లేదంటావా అని. అలా అనను. మట్టిలో ఆడుకుంటూ పెరిగిన పిల్లకు చేతికి తెలిసే సంగతులు నాలాగా ముప్ఫై దాటాక వచ్చినవాళ్ళకు తెలియాలంటే ఏళ్ళు పడుతుంది. పాత్ర ఆరిందో లేదో మాస్టారు మనవరాలు చెంపకు ఆనించి చెప్పేది, తడి ఉంటే చల్లగా తగులుతుందని. నేను ఆ సంగతి పుస్తకంలో చదివి, ఆ తర్వాత కూడా తప్పు చేశాను. నెలాఖరుకు జీతం లెక్క చూసుకునేవాడు మనవల కోసం మట్టి దాచడు, అది నిజమే. నష్టమొచ్చిన ఏడాది కూడా తలుపు మూయకుండా ఉండగలిగేది కుటుంబమే. కానీ ఆ నష్టం ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి కదా. భార్యకు జీతం ఉండదు. పిల్లలకు ఎలాగూ ఉండదు. మట్టి తొక్కేది, పూతలు కలిపేది, అంచులు తుడిచేది, బట్టీకి రాత్రంతా కాపలా కాసేది ఒకళ్ళయితే కింద ముద్ర ఇంకొకళ్ళది. కుటుంబ పనిశాల నిలబడిందంటే చాలాసార్లు అర్థం, ఎవరో ఫ్రీగా పనిచేశారని.

ఈ విషయంలో నాకు నచ్చిన ఇల్లు అమెరికాలో, న్యూమెక్సికోలోని సాన్ ఇల్డెఫాన్సోలో మరియా మార్టినెజ్‌ది. పిన్ని దగ్గర నేర్చుకుంది. సారె లేదు, మట్టితాళ్ళు చుట్టి కుండ ఎత్తడమే. భర్త జూలియన్ బొమ్మలు వేసేవాడు. మంట చివర్లో ఎండిన పేడపొడి కుప్పగా పోసి గాలి ఆడకుండా చేస్తే పొగలోని కార్బన్ మట్టిలోకి దిగి నల్లగా అవుతుంది, ఆ నలుపు మీద మెరవని నలుపుతో బొమ్మ. 1943లో భర్త పోయాక కోడలు సాంటానా పక్కన కూర్చుంది, తర్వాత కొడుకు పొపోవీ దా. ఊళ్ళో అడిగినవాళ్ళకల్లా నేర్పింది. అక్కడ ఎన్నో తరం అని అడిగితే ఎటు నుంచి లెక్కపెట్టాలో కూడా తెలియదు.

కొడుకులు తండ్రుల మాట జవదాటకపోవడం మంచిదా అన్నది ఇంకో ప్రశ్న. 1920లో బెర్నార్డ్ లీచ్, జపాన్ నుంచి తనతో వచ్చిన షోజీ హమదా కలిసి ఇంగ్లండ్‌లో సెయింట్ ఐవ్స్‌లో పనిశాల పెట్టారు. లీచ్ మాటలు గొప్పవి, పాత్రలు గొప్పవి, లెక్కలు మాత్రం అంతంతమాత్రం. 1930ల్లో ఆయన జపాన్‌లో ఉండగా కొడుకు డేవిడ్ వెళ్ళి స్టోక్‌లో, ఫ్యాక్టరీల నడిబొడ్డున, టెక్నికల్ కాలేజీలో చేరాడు. చేతిపనికి జీవితం అంకితం చేసిన తండ్రికి అది ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోండి. తిరిగొచ్చి యంత్రాలు పెట్టాడు, బట్టీ మంటను కట్టెల నుంచి నూనెకు మార్చాడు, చుట్టుపక్కల కుర్రాళ్ళను పనికి పెట్టుకుని, రోజూ వాడుకునే సాదా గిన్నెలు, జగ్గులు ఒక పద్ధతిలో చేయించాడు. పనిశాల నిలదొక్కుకున్నది అప్పుడే. 1950ల మధ్యలో ఆయన కూడా బయటికెళ్ళి సొంతంగా పెట్టుకున్నాడు.

మా పనిశాలలో ఆ డేవిడ్ వేషం వేసింది కోడలు. పెద్దాయన కొడుకుది ఆఫీసు ఉద్యోగం, మట్టి అంటే తుమ్ములు. ఆవిడ పెళ్ళయి వచ్చాక చూసి చూసి నేర్చుకుంది, ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. వచ్చిన రెండో ఏడు ఆవిడ చేసిన మొదటి పని చీపురు ఎత్తి అటక మీద పడేయడం. పొడి మట్టి ఊడిస్తే లేచే దుమ్ములో సన్నటి సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు, ఇంగ్లండ్‌లో చెకుముకి రాయిని పొడిగా నూరి పనివాళ్ళు చచ్చిపోతుంటే నీళ్ళలో నూరే పద్ధతికి 1726లోనే పేటెంటు తీసుకున్నారు. ఇకనుంచి తడిగుడ్డతోనే తుడవాలంది. "మా నాన్న నలభై ఏళ్ళు చీపురుతోనే ఊడ్చాడమ్మా" అన్నారు పెద్దాయన. "ఎలా పోయారు మామయ్యా?" అందావిడ. ఆయన మాట్లాడలేదు. దగ్గుతో పోయాడని ఇంట్లో అందరికీ తెలుసు. మర్నాడు బకెట్‌లో గుడ్డ ముంచి పిండుతున్నది ఆయనే.

ఆ పనిశాలలో ఒక చెక్కముక్క ఉంది. సారె మీద పాత్ర పైకి లేచాక వెలుపలి గోడను నున్నగా లాగడానికి వాడేది, అరచేతిలో పట్టేంత, ఆకు ఆకారంలో. పెద్దాయన తండ్రి చెక్కాడట. ఇద్దరి చేతుల్లో అరిగి అరిగి, బొటనవేలు ఆనే చోట గుంట పడి, ఒక అంచు కాగితంలా పల్చబడి నల్లగా మెరుస్తుంటుంది. చూడటానికి వచ్చినవాళ్ళందరూ ఫోటో తీసుకునేది దాన్నే. చిక్కేమిటంటే ఆవిడది ఎడమచేతి వాటం. ఆ గుంట కుడి బొటనవేలిది. సారె తిరిగే దిశ కూడా ఆవిడకు ఎదురే. (జపాన్‌లో చాలాచోట్ల సారె గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది, యూరప్‌లో ఎక్కువగా దానికి ఎదురు. కాబట్టి సరైన దిశ అని ఒకటి లేదు, అలవాటే.) కొన్నాళ్ళు ఆ ముక్కతోనే తంటాలు పడింది, గోడ మీద గీతలు పడేవి. పెద్దాయన చూస్తూ ఉండేవారు, ఏమీ అనేవారు కాదు. నాకే టెన్షన్‌గా ఉండేది.

బట్టీ దగ్గర మేకుకు ఒక పుస్తకం వేలాడుతుండేది, ఏ రోజు ఏం కాల్చారు, ఎప్పుడు మంట పెంచారు, ఏం పగిలింది, అన్నీ అందులో రాస్తారు. మూడు చేతిరాతలు కనిపిస్తాయి. వాటిలో నడుమది, అందరికంటే శ్రద్ధగా రాసినది, ఇంటివాళ్ళది కాదు, జీతానికి చేరి ఇరవై రెండేళ్ళు ఉన్న ఒక పనివాడిది. గాలి ఎటు వీచిందో, కట్టె తడిగా ఉందో పొడిగా ఉందో కూడా రాశాడు. పూత సరిగ్గా కరిగిన రోజుల్లో ఒక చిన్న చుక్క. మేం ఇప్పటికీ ఆ చుక్కల్ని చూసుకునే మంట పెంచేవాళ్ళం. ఎన్నో తరమని అడిగినవాళ్ళకు చెప్పే ఏ అంకెలోనూ ఆయన ఉండడు.

అందులో నా పేజీ కూడా ఉంది. రెండో ఏడు నాకు తొలిసారి బట్టీ అప్పజెప్పారు. పెద్ద జాడీల అడుగు మందంగా ఉంది, పైకి ఆరినట్టే ఉన్నా లోపల తడి ఆరలేదు. చెంపకు ఆనించి చూడటం మర్చిపోయాను. తొందరపడి మంట పెంచాను. నీరు ఆవిరై, బయటికి దారిలేక, ఒక్కొక్కటిగా టపటపా పేలుతుంటే బట్టీ గోడకు చెవి ఆనించి వింటూ నిలబడ్డాను, ఆపడానికేమీ లేదు. పదకొండు జాడీలు. ఒకటి పేలితే దాని పెంకులు పక్కదానికి తగులుతాయి. పొద్దున్నే ఆవిడ వచ్చి తలుపు తీసి చూసి, నన్నేమీ అనకుండా పుస్తకం తీసి రాసింది. తేదీ, పదకొండు, అడుగు మందం, లోపలి తడి, మొదటి రెండు గంటలు మంట ఎక్కువ. నా పేరు రాయలేదు. రాయమని నేనే అడిగాను. "ఎందుకూ, ఎవరు చేసినా ఇలాగే పేలుతుంది" అంది.

ఆ వారమే అనుకుంటాను, పెద్దాయన ఒక మధ్యాహ్నం పని మానేసి గుమ్మంలో కూర్చుని కత్తితో ఏదో చెక్కుతూ కనిపించారు. సాయంత్రానికి గరుకు కాగితంతో రుద్ది, నీళ్ళలో నానబెట్టి, మళ్ళీ రుద్ది, కోడలి సారె పక్కన పెట్టారు. కొత్త చెక్కముక్క, ఇంకా పచ్చి వాసన వస్తోంది. ఎడమ బొటనవేలికి గుంట మాత్రం చెక్కలేదు, అక్కడ చదునుగానే వదిలేశారు. ఆవిడ తీసుకుని, తిప్పి చూసి, తడిచేసి, తిరుగుతున్న గిన్నెకు ఆనించింది. అప్పుడే ఎవరో వచ్చారు, గుమ్మంలో నిలబడి అడిగారు. ఆయన కాసేపు ఆవిడ చేతుల వైపు చూసి, "ఒకటి" అన్నారు.